మల్లెకు పోసిన నీళ్ళు

ఫిబ్రవరి 2, సోమవారం

కోడలు ఝాన్సీకి మళ్ళీ ఉదరబాధ. డ్యూటీ దిగి వచ్చి, చెప్పులైనా విడువకుండా వరండా బల్ల మీద ముందుకు వంగి కూర్చున్నది. కండక్టరు సంచి ఒళ్ళోనే ఉన్నది. ఏమమ్మా అని అడిగితే, "ఏం లేదు మావయ్య గారూ, కొంచెం కడుపులో..." అని ఆపేసింది. ఈ మధ్య ఆమె వాక్యాలన్నీ ఇలాగే క్రియ లేకుండా ముగుస్తున్నాయి. సర్వీసంతా పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి. అసంపూర్ణ వాక్యం వింటే నాకు గొంతులో చేప ముల్లు దిగినట్లుంటుంది.

నా భార్య సరోజ వాము నీళ్ళు కాచి ఇచ్చింది. గ్యాసు అని తేల్చింది. ముప్పయ్యారేళ్ళ మనిషికి గ్యాసు ఎందుకు వస్తుందో చెప్పలేదు.

గుడివాడ డిపోలో ఝాన్సీకి మంచి పేరున్నది. దివిసీమ చివర దిబ్బపాలెం దాకా వెళ్ళివచ్చే పల్లెవెలుగు ఆమెది. ఆ బస్సు ఏనాడూ ఆలస్యం కాలేదని డిపో వారే నాతో అన్నారు. ఆడవారికి ఉచిత ప్రయాణం వచ్చాక కాలు మోపే చోటు లేని బస్సును వేళకు నడిపించడం సామాన్యమైన పని కాదు. క్రమశిక్షణ ఉన్న పిల్ల. ఉదయం నింపుకొని వెళ్ళిన మంచినీళ్ళ సీసా సాయంత్రం దాదాపు నిండుగానే తిరిగి వస్తుంది. ఆ నీటిని పారబోయకుండా నేను మల్లె కుండీకి పోస్తాను. ఈ ఏడు మల్లె ముందుగానే మొగ్గ తొడిగింది. ఏం ఎరువు వేశారండీ అని ఎదురింటివారు అడిగారు. ఎరువు కాదు, పొదుపు అన్నాను.


ఫిబ్రవరి 3, మంగళవారం

తగ్గిందట. నేను అడిగినప్పుడల్లా తగ్గిందనే చెబుతుంది.


ఫిబ్రవరి 7, శనివారం

పామర్రు నుంచి సరోజ అక్కగారు భాగ్యమ్మ వదిన వచ్చింది. ఝాన్సీ మంచం మీద ముడుచుకొని పడుకొని ఉండటం చూసి, చేతి సంచి దించకుండానే తీర్పు చెప్పింది.

"ఇంకా దాచుకుని ఏం చేస్తావే? పిల్ల ఉందిగా. తీయించేసుకో, పీడ వదిలిపోద్ది. నాకు తీసేసి పన్నెండేళ్ళయింది. చూడు, గుండ్రాయిలా ఉన్నాను."

ఆ మాట అని, గోడ పట్టుకొని, రెండో చేయి నడుముకు ఆన్చి, చిన్నగా మూలిగి లేచింది.

తీయించుకోవలసినది ఏమిటో ఇక్కడ వ్రాయనక్కరలేదు. ఆడవారి విషయం.

మన చర్చి సంఘంలో నలభై దాటిన ఆడవారిలో చాలామంది తీయించుకున్నవారేనట. సరోజా, వదినా కూర్చొని ఒక్కొక్కరి పేరూ చెప్పుకున్నారు. వింటుంటే వారంతా ఏదో పెద్ద కన్వెన్షన్‌కు వెళ్ళివచ్చిన బృందంలా తోచారు. ఝాన్సీ మాత్రం గోడవైపు తిరిగి పడుకున్నది.


ఫిబ్రవరి 10, మంగళవారం

ఊళ్ళోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాం. సరోజ, భాగ్యమ్మ వదిన, నేను, ఝాన్సీ. అబ్బాయి ప్రభాకర్‌కు ముదినేపల్లి చేపల చెరువుల మీద పని. చేపల పట్టుబడి ఉన్న రోజు కదలడానికి వీలుండదు. అందుచేత ఇంటి పెద్దగా నేను డాక్టరు గదిలో ఎదురు కుర్చీలోనే కూర్చున్నాను.

డాక్టరు గారు నొప్పి ఎప్పుడు వస్తుందమ్మా అని ఝాన్సీని అడిగారు. సరోజ అందుకున్నది.

"నెలనెలా వస్తదండీ. అప్పుడప్పుడూ మధ్యలో కూడా వస్తది."

"మా అందరికీ అంతేనండీ," అన్నది వదిన.

ఝాన్సీ ఒకసారి నోరు తెరిచింది. నా వైపు చూసింది. మళ్ళీ మూసుకున్నది.

స్కానింగుకు ముందు సీసాల కొద్దీ నీళ్ళు తాగించారు. అది అయ్యాక బాత్రూముకు వెళ్ళివచ్చి, "ఇన్ని నీళ్ళు తాగి ఎన్నాళ్ళయిందో అత్తయ్యా!" అని నవ్వింది. నవ్వవలసిన విషయం అందులో ఏమున్నదో నాకు అర్థం కాలేదు.

గర్భాశయంలో చిన్న గడ్డ ఉన్నదట. గర్భాశయమే తీసేస్తే సరిపోతుందట. (గర్భాశయం అని వ్రాస్తే ఇబ్బంది లేదు. సంస్కృతంలో అన్నీ మర్యాదగా ఉంటాయి.) ఇరవయ్యో తేదీ శుక్రవారం ఆపరేషన్ పెట్టుకున్నాం.


ఫిబ్రవరి 12, గురువారం

అందరం కూర్చొని మాట్లాడుకున్నాం. ఝాన్సీ తలుపు దగ్గర నిలబడి ప్రభాకర్‌తో, "సుష్మితకి తోడు ఇంకొకరు ఉండాలనుకున్నాం కదండీ," అన్నది. మనుమరాలు సుష్మిత అక్కడే బొమ్మకు జడ వేసుకుంటున్నది. ప్రభాకర్ తల వంచుకున్నాడు.

"ముందు మనిషి ఉండాలి కదే," అన్నది వదిన.

అప్పుడు నేను ఒక వాక్యంతో సభ ముగించాను: "ఆరోగ్యము ప్రధానము, ఆకాంక్షలు అనంతరము." సమతూకంగా వచ్చింది. అందరూ తల ఊపారు. ఝాన్సీ ఏమీ అనలేదు. అంగీకరించింది.


ఫిబ్రవరి 15, ఆదివారం

సంఘమంతా మోకరించి ఝాన్సీ ఆపరేషన్ కొరకు ప్రార్థన చేసింది. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఝాన్సీ మూసుకోలేదు. నాకెలా తెలిసిందంటే, నా కంట్లో నలక పడింది.


ఫిబ్రవరి 19, గురువారం

ఆసుపత్రి సంచి సర్దారు. ఫ్లాస్కు, దుప్పటి, బైబిలు పెట్టారు. ఝాన్సీ ఖాకీ చొక్కా ఇస్త్రీ చేస్తున్నది. అలవాటు కాబోలు.


ఫిబ్రవరి 20, శుక్రవారం

ఝాన్సీ డ్యూటీకి వెళ్ళిపోయింది.


ఫిబ్రవరి 21, శనివారం

నిన్న జరిగినది క్రమంగా వ్రాయాలి. నిన్ననే వ్రాసి ఉంటే క్రమం ఉండేది కాదు.

తెల్లవారి చూస్తే ఝాన్సీ లేదు. ఆసుపత్రి సంచి గుమ్మం పక్కన సర్దినది సర్దినట్లే ఉన్నది. మంచినీళ్ళ సీసా లేదు. సెలవు రద్దు చేయించుకొని బస్సెక్కిందని డిపోలో చెప్పారు. సరోజ మంచం మీద కూలబడింది. ప్రభాకర్ చెరువు గట్టు మీద నుంచి ఫోనులో, "నాన్నా, మీరే వెళ్ళండి. మీ మాటైతే వింటుంది," అన్నాడు. సమంజసమైన మాటే. ఆటోలో పామర్రు సెంటరుకు వెళ్ళి, ఆమె బస్సు రాగానే ఎక్కాను.

"మావయ్య గారూ, పట్టుకుని నిలబడండి. టికెట్ ఎక్కడిదాకా?"

"ఝాన్సీ, దిగు. ఇంటికి వెళదాం. డాక్టరు గారు ఎదురు చూస్తున్నారు."

"నేను దిగితే వీళ్ళందరికీ టికెట్లు ఎవరు కొడతారు? మీరు కొడతారా? ముందుకి జరగండమ్మా, ముందుకి! ఆధార్ కార్డులు చేతిలో పట్టుకోండి!"

నాలుగు సీట్ల వారు నవ్వారు. నేను చివరి ఊరి దాకా టికెట్ తీసుకున్నాను. మాట వినేదాకా దిగనని దాని అర్థం.

కిటికీ పక్కన ఒక చేపల గంప ఉన్నది. గంప పక్కన దాని యజమానురాలు ఉన్నది. పేరు ముత్యాలమ్మ. దిబ్బపాలెం మనిషి. వేకువనే చేపలు గుడివాడ తెచ్చి అమ్ముకొని ఖాళీ గంపతో తిరిగి వెళుతున్నది. నాకు చోటు ఇచ్చింది.

"మీ కోడలా పంతులుగారూ? బంగారం. కానీ మొండి ఘటం."

"ఎందుచేత?"

"మీరే సూత్తారుగా."

చూశాను. కూచిపూడి దాటాం, చల్లపల్లి దాటాం, మోపిదేవిలో సగం బస్సు దిగి అంతకు రెట్టింపు ఎక్కింది. ఎండ ముదిరింది. ఝాన్సీ ఆ జనంలో ఈ చివరి నుంచి ఆ చివరకు ఈదుతున్నట్లు తిరిగింది. ఆమె సీటు పక్కన కొక్కేనికి సీసా వేలాడుతూ, కుదుపు కుదుపుకూ నిండుగా ఊగుతున్నది. అవనిగడ్డలో బస్సు ఆగింది. నేను దిగి వెళ్ళివచ్చాను. డ్రైవరు నాని దిగి వెళ్ళివచ్చాడు. కిటికీల్లోంచి తువ్వాళ్ళు విసిరి సీట్లు పట్టుకుంటున్న జనాన్ని సర్దుతూ ఝాన్సీ బస్సులోనే ఉండిపోయింది. నాగాయలంక దాటేసరికి మాట్లాడటం మానేసింది. టికెట్ చింపి ఇస్తూ ఒక చేత్తో పొత్తికడుపు అదిమి పట్టుకున్నది.

దిబ్బపాలెంలో రోడ్డు ఆగిపోతుంది. ఒక రేకుల షెడ్డు. షెడ్డుకు ఆనుకొని ఒక చిన్న గది, దానికి తుప్పుపట్టిన తాళం. చుట్టూ చెరువులు. గట్ల మీద పచ్చగడ్డి కూడా లేదు. మగవారు దిగీ దిగగానే తలా ఒక గట్టుకు వెళ్ళారు. ఝాన్సీ బస్సు మెట్టు మీదనే, కమ్మీకి నుదురు ఆన్చి కూర్చున్నది. ముఖం సున్నం వేసినట్లున్నది. నేను సీసా తీసి మూత తిప్పి ఇచ్చాను.

"వద్దు మావయ్య గారూ. తాగితే..."

మళ్ళీ క్రియ లేదు. తాగితే ఏమవుతుందమ్మా అని గట్టిగానే అడిగాను. గంప నడుముకు ఎత్తుకుంటూ ముత్యాలమ్మ ఆ వాక్యం పూర్తి చేసింది.

"తాగితే ఎక్కడికెల్తాది పంతులుగారూ? ఆ తాళం సూశారా? నేను కాపరానికొచ్చినప్పుడు కొత్తగా మెరిసేది. ఈ గట్ల మీద సాటుకి ఒక్క మొక్కుందా? మీ మొగోళ్ళకేం, గట్టు కనపడితే సాలు. ఈ పిల్ల పొద్దున్న ఇంటికాడ ఎల్తాది, మళ్ళీ ఇంటికే ఎల్తాది. అందుకే గొంతు తడుపుకోదు."

నా చేతిలో సీసా బరువుగా ఉన్నది. మల్లె గుర్తుకు వచ్చింది.

"మా ఇల్లు అదిగో, ఆ నీలం తలుపు," అన్నది ముత్యాలమ్మ. "ఎన్నిసార్లు పిలిచానో. రాదు."

"బస్సు టైం అయిపోద్ది పిన్నీ. ఒక్క నిమిషం దిగితేనే కండక్టరెక్కడికి పోయిందని గోల చేస్తారు."

"పంతులుగారు బస్సుకడ్డం నిలబడతారులే. నువ్ లే!"

నేను నిలబడ్డాను. బస్సు ముందు, గొడుగు తెరిచి, నడిరోడ్డు మీద. నాని హారను కొట్టలేదు, నవ్వాడు. జనం మాత్రం ఊరుకోలేదు.

"కండక్టరేదండీ? టైమైపోయింది!"

"ఎవరయ్యా ఈ ముసలాయన, బస్సుకి అడ్డంగా?"

"కండక్టరమ్మ మావగారంట."

"ఆవిడ ఎక్కడికెళ్ళిందంట?"

నాకు సంస్కృతం అందుబాటులో లేకపోలేదు. కాలకృత్యములు అనవచ్చు. కానీ వెనక సీటు దాకా వినబడాలంటే తెలుగులోనే చెప్పాలి. "ఒంటికి వెళ్ళింది. మీరంతా వెళ్ళినట్లే వెళ్ళింది. వచ్చేదాకా ఈ బస్సు కదలదు," అన్నాను. నా గొంతు తరగతి గదిలోని గొంతు. ఆ తరువాత ఆడవారి సీట్ల నుంచి ఎవరో, "అదీ మాట!" అన్నారు. మరొకావిడ, "అయితే నేనూ ఎల్లొత్తాను, ఆగండి," అని దిగింది. ఆమె వెనక ఇంకొకరు, వారి వెనక ఇద్దరు విద్యార్థినులు. నీలం తలుపు ముందు వరుస ఏర్పడింది.

తిరుగు ప్రయాణంలో ఝాన్సీ నా పక్కన కూర్చున్నది. టికెట్ మిషను మీద నుంచి కళ్ళు ఎత్తకుండా చెప్పింది.

"నెలసరికీ దీనికీ సంబంధం లేదు మావయ్య గారూ. ఆపుకున్న కొద్దీ వస్తుంది. వెళ్తే మంట. మళ్ళీ వెంటనే వెళ్ళాలనిపిస్తుంది. అది ఎవరూ నన్ను అడగలేదు."

"డాక్టరు గారు అడిగారు కదమ్మా."

"అత్తయ్య చెప్పేసింది."

"మరి నువ్వు ఎందుకు చెప్పలేదు?"

"మీరు గదిలో ఉన్నారు."

ఈ వాక్యంలో లోపమేమీ లేదు. కర్త ఉన్నది, క్రియ ఉన్నది.

డిపోలో దిగాక ఒకటే అడిగాను: "సోమవారం నీకు వీక్లీ ఆఫ్ కదా. బందరులో ఇంకొక డాక్టరుకు చూపిద్దామా?"

"నేనే అడుగుదామనుకున్నా మావయ్య గారూ. ఆపరేషన్ అయిపోయాక అడిగి ఏం లాభం? అందుకే ఇవాళ డ్యూటీకొచ్చా."


ఫిబ్రవరి 23, సోమవారం

బందరు. డాక్టరు దుర్గాదేవి గారు. ఝాన్సీ బస్సులోని ఒక టీచరమ్మ చెప్పిన పేరు. ఈసారి ఏ పొరపాటూ దొర్లకూడదని, ఝాన్సీ వ్యాధి చరిత్రను ఉపోద్ఘాతంతో సహా నేనే వ్రాసి పట్టుకెళ్ళాను. ప్రభాకర్ కూడా సెలవు పెట్టి వచ్చాడు.

డాక్టరమ్మ నా పత్రం చదివారు. "ఎవరండీ రాసింది? ఎంత బాగుందో!" అన్నారు. నేనే అన్నాను. "కానీ నొప్పి మీది కాదుగా మాస్టారూ. ఇద్దరూ కాసేపు బయట కూర్చోండి."

బయట కూర్చున్నాం. బడిలో ఎందరినో బయట నిలబెట్టినవాణ్ణి. నన్ను ఎవరూ ఎన్నడూ పంపలేదు. వరండా గోడ మీద 'ఇచ్చట నిశబ్దముగా ఉండవలెను' అని ఉన్నది. శకారానికి ద్విత్వం లేదు. ఎవరికీ చెప్పలేదు. లోపల నుంచి ఝాన్సీ గొంతు ఆగకుండా వినిపిస్తున్నది. మాటలు కాదు, గొంతు మాత్రమే. అంతసేపు ఆమె మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. ప్రభాకర్ చెవి తలుపుకు ఆన్చబోతే మందలించాను.

తరువాత మమ్మల్ని పిలిచారు. డాక్టరమ్మ చెప్పినది జ్ఞాపకం ఉన్నంతవరకు వ్రాస్తున్నాను.

"పొత్తికడుపులో గర్భసంచి ఒక్కటే ఉండదు మాస్టారూ. మూత్రం తిత్తి ఉంది, పేగులు ఉన్నాయి, అటూ ఇటూ అండాశయాలు ఉన్నాయి. ఎవరికి నొప్పొచ్చినా అందరూ గర్భసంచి మీదే నేరం మోపుతారు. నెలసరి నొప్పి కావచ్చు, అండం విడుదలయ్యే రోజు నొప్పి కావచ్చు. నీటి బుడగలుంటాయి, గడ్డలుంటాయి. లోపలి పొర వెళ్ళి బయట పెరుగుతుంది కొంతమందికి, వాళ్ళ బాధ ఇంకా ఎక్కువ. మలబద్ధకం కూడా కావచ్చు. కుడివైపైతే అపెండిక్స్ చూడాలి. నెల తప్పి ఒక పక్క పొడుస్తుంటే గర్భం సంచికి బయట నిలిచిందేమో చూడాలి, అది ప్రాణం మీదికి తెస్తుంది. ఒక్కసారిగా భరించలేని నొప్పి, కళ్ళు తిరగటం, జ్వరం, ఎక్కువ రక్తం, ఇలాంటివైతే ఇంట్లో వాము నీళ్ళు తాగుతూ కూర్చోకూడదు."

"మరి మా అమ్మాయికి?"

కోడలు అనబోయి అమ్మాయి అన్నాను. అలాగే ఉండనిచ్చాను.

"మూత్రంలో ఇన్ఫెక్షన్ అని నా అనుమానం. పరీక్ష రానివ్వండి. ఆ గడ్డ సంగతి నేను మళ్ళీ స్కాన్ చేసి చూస్తాను."

ప్రభాకర్ చిన్న గొంతుతో, "మేడమ్, మాకు ఇంకో పాప..." అన్నాడు. అసంపూర్ణ వాక్యాలు మా ఇంట్లో అంటువ్యాధి. కానీ డాక్టరమ్మకు అర్థమైంది. "దానికి ఇప్పుడేం తొందర? ముందు నీళ్ళు తాగనివ్వండి," అని నవ్వారు.


ఫిబ్రవరి 27, శుక్రవారం

పరీక్ష ఫలితం వచ్చింది. మూత్రకోశంలో ఇన్ఫెక్షన్. ఇప్పటిది కాదట, వస్తూ పోతూ చాలాకాలంగా ఉన్నదేనట. ఏ మందుకు లొంగుతుందో కూడా అందులోనే తేలింది. స్కానింగులో గడ్డ శనగగింజంత. "దాని మానాన దాన్ని ఉండనివ్వండి, అప్పుడప్పుడూ చూసుకుంటే చాలు. గర్భసంచి జోలికి ఎవరూ వెళ్ళనక్కరలేదు," అన్నారు డాక్టరమ్మ.

గర్భసంచి జోలికి ఎవరూ వెళ్ళనక్కరలేదు.

గర్భసంచి. చక్కని తెలుగు మాట. ఇన్నాళ్ళూ ఎందుకు వ్రాయలేదో.

బందరు బస్టాండులో ప్రభాకర్ అందరికీ బందరు లడ్డు కొన్నాడు. ఝాన్సీ ఒకటి తిని, ఇంకొకటి తిని, సీసాలో నీళ్ళు గటగట తాగి, "ఇక్కడ ఎటువైపండీ?" అని ఒక ఆవిడను అడిగి, అందరి ముందే చేతులు ఊపుకుంటూ వెళ్ళింది.


మార్చి 1, ఆదివారం

మంట తగ్గింది. ఈసారి నేను అడగలేదు. తనే చెప్పింది.


మార్చి 4, బుధవారం

భాగ్యమ్మ వదిన వచ్చింది. ఆపరేషన్ మానుకున్నామని ఆమెకు కోపం. "పెద్దవాళ్ళ మాట వినే రోజులు పోయాయి," అని గుమ్మంలోనే మొదలుపెట్టింది. ఝాన్సీ కాఫీ తెచ్చి, పక్కన కూర్చొని అడిగింది.

"పెద్దత్తయ్యా, మీకెందుకు తీశారు?"

"నొప్పొచ్చేదిగా."

"తీశాక పోయిందా?"

వదిన కాఫీ చల్లార్చుకున్నది. చాలాసేపు చల్లార్చుకున్నది. సరోజ లోపలికి వెళ్ళాక, లేవబోతూ గోడ పట్టుకొని, నా వైపు వంగి చాలా మెల్లగా అడిగింది.

"మరిదిగారూ, ఆ బందరు డాక్టరమ్మ ఏయే రోజుల్లో చూస్తదీ?"

చెప్పాను. నేను తోడు రానా అని కూడా అడిగాను. "మీరొద్దు. ఝాన్సీ వస్తే చాలు," అన్నది.


మార్చి 11, బుధవారం

దిబ్బపాలెం గది విషయమై సంబంధిత అధికారులకు ఒక విజ్ఞాపన వ్రాశాను. మూడు పేరాలు. మొదటిది విషయము, రెండవది వేదన, మూడవది వేడుకోలు. ఇంతకన్న మంచి వచనం నేను ఈ మధ్య వ్రాయలేదు.


మార్చి 13, శుక్రవారం

విజ్ఞాపన పోస్టులో వేసివచ్చిన సాయంత్రమే ఝాన్సీ వార్త తెచ్చింది. దిబ్బపాలెంలో తాళం పగిలిందట. ముత్యాలమ్మ, ఆమె తోటి చేపల ఆడవారూ గంపలతోనే పంచాయతీ ముందు కూర్చున్నారట. తాళం చెవి ఎవరి దగ్గరున్నదో ఎవరికీ తెలియలేదట. చివరకు సర్పంచి గారే సుత్తి తెప్పించి ఇచ్చారట. మొదటి దెబ్బ ముత్యాలమ్మదే. లోపల పాత వలలున్నాయట. అవి బయటపడేసి, కడిగి, కొత్త గొళ్ళెం పెట్టించారు. గొళ్ళెం లోపలి వైపు.

"పంతులుగారితో చెప్పు, ఇక గొడుగేసుకుని బస్సుకడ్డం నిలబడక్కర్లేదని," అని కబురు పంపింది.

పోస్టులో వేసిన ఉత్తరం అంత త్వరగా పనిచేయడం అపూర్వం.


మార్చి 22, ఆదివారం

ఈ రోజు సంఘంలో ఝాన్సీ సాక్ష్యం చెప్పింది.

మందులు పూర్తయ్యాక చేసిన పరీక్ష శుభ్రంగా వచ్చింది. ఆపరేషన్ కొరకు ప్రార్థించిన సంఘానికి కృతజ్ఞత చెప్పుకోవడం మర్యాద. ఏం చెప్పాలో వ్రాసి ఇవ్వనా అని నిన్న అడిగాను. వద్దన్నది. మైకు దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళింది.

"అందరికీ వందనాలు. నా ఆపరేషన్ కోసం మీరంతా ప్రార్థన చేశారు. దేవుడు వేరేలా విన్నాడు. ఆపరేషనే లేదు," అన్నది. హల్లెలూయ అన్నారు అందరూ. ఆమె ఇంకా ముగించలేదు.

"నాకు నొప్పి వచ్చింది గర్భసంచి వల్ల కాదండీ. డ్యూటీలో మూత్రం ఆపుకోవటం వల్ల. బాత్రూము లేదని నీళ్ళు తాగటం మానేశాను. ఆ మాట చెప్పటానికి సిగ్గుపడ్డాను. ఆ సిగ్గుకి నా గర్భసంచి ఇచ్చేసేదాన్ని."

మూత్రము అనే మాట ఆ మైకులో మునుపెన్నడూ పలికి ఉండదు. పాస్టరుగారు కళ్ళద్దాలు సవరించుకున్నారు. ముందు వరుసలోని ఒక పెద్దాయన నా వైపు తిరిగి చూశారు. మాస్టారు కోడలా ఇలా మాట్లాడేది అన్నట్లు.

ఝాన్సీ జనంలో నన్ను వెదికింది. ఆ రోజు డాక్టరు గదిలో చూసినట్లే చూసింది.

నేను లేచి నిలబడి, "ఆమెన్!" అన్నాను.

గొంతు కొంచెం ఎక్కువే అయింది. దూలాల మీది పావురాలు లేచాయి. నా వెనక సరోజ, "ఆమెన్!" అన్నది. చిన్నపిల్లల వరుస నుంచి సుష్మిత, అర్థం తెలియకపోయినా, అందరికన్న పెద్దగా "ఆమెన్!" అన్నది. ఆ తరువాత ఆడవారి వైపు నుంచి వచ్చినది సముద్రం పొంగినట్లే ఉన్నది. ఝాన్సీ నవ్వి, మిగిలిన మాట పూర్తి చేసింది.

"మీలో ఎవరికి నొప్పి ఉన్నా, అది ఎప్పుడొస్తుందో, ఎలా వస్తుందో మీరే డాక్టరుకి చెప్పండి. మీ అత్తగారితో చెప్పించకండి. మీ మావగారిని బయట కూర్చోబెట్టండి."

మందిరమంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. ఆరాధన ముగిశాక ఆడవారు ఝాన్సీ చుట్టూ మూగారు. వదిన పామర్రు నుంచి ఇందుకోసమే వచ్చి, ఆ గుంపులో ముందున నిలబడి, "బందరు డాక్టరమ్మ దగ్గరికి నేను ఆల్రెడీ వెళ్ళొచ్చాను," అని అందరికీ చెబుతున్నది.

ఝాన్సీ చెప్పిన వాక్యాలలో ఒక్కటి కూడా మధ్యలో ఆగలేదు.


మార్చి 31, మంగళవారం

ఎండలు. మల్లె విరగబూసింది. సాయంత్రం కుండీ దగ్గర నిలబడి ఝాన్సీ కోసం చూస్తున్నాను. మందు మొదలుపెట్టినప్పటి నుంచి సీసాలో నీళ్ళు రోజురోజుకూ తగ్గుతూ వస్తున్నాయి. సగమైనా మిగులుతాయి కదా అని కుళాయి విప్పలేదు.

ఝాన్సీ వచ్చింది. చెప్పులు విడిచింది. సంచి మేకుకు తగిలించింది. అలవాటు చొప్పున చేయి చాచాను. సీసా ఇచ్చింది. చాలా తేలికగా ఉన్నది. మూత తీసి కుండీ మీద వంచాను. ఒక్క చుక్క, అంచున కొంచెంసేపు ఆలోచించి, రాలింది.

"అన్నీ తాగేశా మావయ్య గారూ. నాగాయలంకలో మళ్ళీ నింపుకున్నా, అవీ అయిపోయాయి. ఇంట్లో చల్లటి నీళ్ళున్నాయా?"

కుండలో నీళ్ళు నేనే ముంచి తెచ్చాను. పెద్ద గ్లాసు. ఆమె మెట్టు మీద కూర్చొని, తల పైకెత్తి, మెడ పక్క నుంచి ధార కారిపోతున్నా ఆపకుండా తాగింది. గ్లాసు తిప్పి చూపించింది. ఇంకొకటి అన్నది.

ఎదురింటివారు గోడ మీదుగా, "మాస్టారూ, మల్లెకి నీళ్ళు పెట్టలేదేంటి, వాడిపోతదండీ!" అని కేకేశారు.

"ఇక మిగలవండీ!" అని వీధంతా వినబడేలా చెప్పాను.

తరువాత కుళాయి విప్పాను.